ఆరు రోజుల ఫీల్డ్ కోర్సు: ముందు నల్లమల, తర్వాత నాగాయలంక మడ అడవులు. బ్యాగులో ఏం పెట్టుకోవాలి?

పొన్నూరు_పిల్ల
గుంటూరులో ఎమ్మెస్సీ ఎకాలజీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. డిసెంబర్ రెండో వారంలో ఆరు రోజుల ఫీల్డ్ కోర్సు ఉంది. మూడు రోజులు శ్రీశైలం వైపు నల్లమలలో, ఒక రోజు ప్రయాణం, చివరి రెండు రోజులు నాగాయలంక దగ్గర మడ అడవుల్లో. నిన్న మాకో లిస్టు ఇచ్చారు. ట్రెక్కింగ్ బూట్లు, 60 లీటర్ల రక్‌సాక్, బైనాక్యులర్స్, హెడ్‌ల్యాంప్, డ్రై బ్యాగ్, స్లీపింగ్ బ్యాగ్, జలగ సాక్సులు, గమ్‌బూట్లు, వాటర్‌ప్రూఫ్ నోట్‌బుక్... మొత్తం 31 వస్తువులు. ఆన్‌లైన్‌లో అన్నీ కార్ట్‌లో వేసి చూస్తే 19 వేలు దాటింది.

నాన్న మిర్చి యార్డులో ముఠా కూలీ పని చేస్తారు. అడిగితే ఎక్కడో అప్పు చేసైనా తెచ్చిస్తారు, అందుకే అడగలేకపోతున్నాను. నా దగ్గర స్కాలర్‌షిప్ డబ్బులు 4 వేలు ఉన్నాయి. అందులో అయ్యే పనేనా? అనుభవం ఉన్నవాళ్లు ఏది తప్పనిసరో, ఏది లేకపోయినా పర్లేదో చెప్పండి. కోర్సుకి వెళ్లాలని మాత్రం చాలా ఆశగా ఉంది.

బెజవాడ_కుర్రాడు
నల్లమలలో జలగ సాక్సులు ఎందుకు? డిసెంబర్లో? అది మొదట కొట్టేయ్.

నల్లమల_నడక
పై పోస్టుకి నా ఓటు. జలగ సాక్సులు పడమటి కనుమలకు వెళ్లేవాళ్లకి. నల్లమల పొడి అడవి, చలికాలానికి ఆకు రాలడం మొదలవుతుంది. అక్కడ మనల్ని పట్టుకునేవి పిడుదులు, మీ వైపు గోమార్లు అంటారేమో. పశువులు తిరిగిన దారుల పక్క గడ్డిలో కాచుకుని ఉంటాయి. దానికి కొనాల్సింది ఏమీ లేదు. ప్యాంటు అంచుని సాక్సుల్లోకి దోపుకోవాలి, లేత రంగు సాక్సులైతే ఎక్కేది కనిపిస్తుంది. సాయంత్రం గదికి రాగానే మోకాళ్ల వెనక, నడుము దగ్గర, చెవుల వెనక వెతుక్కోవాలి. పట్టుకుంటే ట్వీజర్‌తో చర్మానికి ఆనించి నిదానంగా పైకి లాగాలి. అగ్గిపుల్ల, కిరోసిన్ లాంటివి వద్దు.

నేను నాలుగేళ్లు అక్కడ ఒక ప్రాజెక్టులో పనిచేశాను. స్లీపింగ్ బ్యాగ్ కూడా కొట్టేయ్. స్టూడెంట్లను ఎప్పుడూ గెస్ట్‌హౌస్‌లోనో డార్మెటరీలోనో ఉంచుతారు, ఇంట్లో ఉన్న బొంత, ఒక ఉన్ని దుప్పటి చాలు. స్వెట్టర్, చెవులకు మఫ్లర్ మాత్రం మర్చిపోవద్దు. గుంటూరు చలి చూసి అక్కడి తెల్లవారుజామును అంచనా వేయకు.

ఒకటి గుర్తుంచుకో. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. ఏదైనా మర్చిపోతే వెంటనే వెళ్లి తెచ్చుకోవడం కుదరదు. మందులు, కళ్లద్దాలు, ఫోన్ ఛార్జర్ రెండుసార్లు చూసుకో.

ట్రెక్_తేజ
అన్నీ కొట్టేయ్ కొట్టేయ్ అంటున్నారు. బూట్ల దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. నల్లమలలో రాళ్లు ఎలా ఉంటాయో తెలుసుగా, పలకలు పలకలుగా, కాలు పెట్టగానే కదులుతాయి. మామూలు స్పోర్ట్స్ షూస్‌తో వెళ్లి నా చీలమండ మెలికపడి నెలన్నర కట్టుతో ఉన్నాను. పరీక్షలు కూడా కుంటుకుంటూ రాశాను. బూట్లకు పెట్టే డబ్బు దండగ కాదు.

నల్లమల_నడక
@ట్రెక్_తేజ చీలమండ కప్పే బూటు కావాలన్నది నిజమే. దానికి ఆరు వేలు అక్కర్లేదంటున్నాను. అటవీ శాఖ వాచర్లు ఏళ్ల తరబడి నడిచేది హంటర్ బూట్లతోనే. కాన్వాసు గుడ్డ, రబ్బరు అడుగు, పైదాకా తాళ్లు. విజయవాడ వన్‌టౌన్‌లో, గుంటూరులో పోలీసు, సెక్యూరిటీ యూనిఫాం సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతాయి. ఒక సైజు పెద్దది తీసుకుని రెండు జతల సాక్సులు వేసుకుంటే పుండ్లు పడవు.

ట్రెక్_తేజ
హంటర్ బూట్లయితే సరే. కానీ వెళ్లే ముందురోజు కొనొద్దు చెల్లెమ్మా. కనీసం రెండు వారాలు వేసుకుని నడవాలి. మంగళగిరి కొండ మెట్లు బ్యాగుతో సహా రెండు మూడుసార్లు ఎక్కి దిగు. ఎక్కడ ఒరుసుకుంటుందో ఇక్కడే తెలిసిపోతుంది. బ్యాగు కూడా మన బరువులో ఐదో వంతు దాటకూడదు. నువ్వు 50 కిలోలైతే 10 కిలోలు, అంతే.

గుంటూరు_కారం_కాదు
కొండవీడు కోట ఘాట్ కూడా బాగుంటుంది ప్రాక్టీసుకి. ఆదివారం పొద్దున్నే మా బ్యాచ్ వెళ్తాం, ఎవరైనా రావొచ్చు.

దివిసీమ_పడవ
నాగాయలంక గురించి ఇంకా ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మాది అక్కడే, ఇంట్లో తరతరాలుగా చేపల వేటే. చదువుకునే పిల్లలు ఏటా వస్తుంటారు, మా పడవల్లోనే తిప్పుతాం.

గమ్‌బూట్లు తీసుకురావద్దు. చేతులెత్తి దండం పెట్టి చెప్తున్నా. మడ బురద పొలంలో బురద లాంటిది కాదు. పిండిలాగా మెత్తగా ఉంటుంది, మోకాలి దాకా దిగబడుతుంది, దిగిన కాలుని వదలదు. గమ్‌బూటు పైనుంచి బురద లోపలికి పోతుంది, తర్వాత కాలు వస్తుంది గానీ బూటు రాదు. నిరుడు ఒక అబ్బాయి బూటు కోసం మా తమ్ముడు భుజం దాకా చెయ్యి పెట్టి వెతికాడు. మేం ఉత్తి కాళ్లతోనే దిగుతాం, మా పాదాలకి అలవాటు. మీరు అలా దిగొద్దు. మడ చెట్ల చుట్టూ బురదలోంచి పెన్సిళ్లు నాటినట్టు వేర్లు పైకి పొడుచుకుని ఉంటాయి. చెట్టు వాటితోనే గాలి పీల్చుకుంటుంది. కాలవ గట్ల మీద ఆల్చిప్పలు అతుక్కుని ఉంటాయి, అవి బ్లేడుకంటే పదును.

బడిపిల్లలు వేసుకునే తెల్ల పీటీ షూస్ తెచ్చుకో, పాతవైతే మరీ మంచిది. తాడు మామూలుగా ముడేస్తే చాలదు. అడుగు కిందనుంచి చీలమండ చుట్టూ రెండు చుట్లు తిప్పి గుడ్డ పీలికతో గట్టిగా కట్టాలి. దిగబడినప్పుడు కాలు నిటారుగా పీకకూడదు. మడమ ముందు లేపి, కొంచెం పక్కకు కదిపి, సందులోకి గాలి పోనిచ్చి అప్పుడు తీయాలి. చప్పుడు వస్తుంది చూడు, "ప్లక్" మని, అప్పుడు వదిలినట్టు.

బెజవాడ_కుర్రాడు
@దివిసీమ_పడవ ఆ చప్పుడు నాకిక్కడ వినిపించింది అన్నా.

పొన్నూరు_పిల్ల
గమ్‌బూట్లు కార్ట్ లోంచి తీసేశాను! పీటీ షూస్ ఇంట్లోనే ఉన్నాయి, మా తమ్ముడివి నాకు సరిపోతాయి.

పిట్టలదొర_విజయవాడ
బైనాక్యులర్స్ సంగతి. మీ క్లాసులో ఎంతమంది? ఇద్దరికొకటి చాలు. ముందు డిపార్ట్‌మెంట్ బీరువాలో ఉన్నాయేమో అడగండి, చాలాచోట్ల ఉండి తాళం వేసి ఉంటాయి. కొనే పరిస్థితి వస్తే మీద రాసిన అంకెలు చూడాలి. 8×42 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. 20 రెట్లు, 50 రెట్లు, జూమ్ అని సంతల్లో, బీచ్‌లలో అమ్మేవి వద్దు. రెట్లు పెరిగేకొద్దీ చెయ్యి వణుకు కూడా అన్ని రెట్లు కనిపిస్తుంది, కనిపించే మేర చిన్నదైపోతుంది, పిట్టని వెతుక్కునే లోపు అది ఎగిరిపోతుంది.

తెచ్చుకున్నాక నేరుగా అడవిలో మొదలెట్టకండి. గుంటూరు పక్కనే ఉప్పలపాడు ఉంది కదా. ఊరి చెరువు మధ్యలో చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు కూర్చుని ఉంటాయి, దగ్గరగా, కదలకుండా. ముందు కంటితో పిట్టను చూడాలి, చూపు దాని మీదనుంచి తిప్పకుండా బైనాక్యులర్ కళ్ల దగ్గరికి తేవాలి. ఈ ఒక్క పని చేతికి అలవాటైతే సగం కోర్సు అయిపోయినట్టే. ఒక ఆదివారం పూట చాలు.

గుంటూరు_కారం_కాదు
పేరుకే పిట్టలదొర, కోతలు ఒక్కటీ లేవు. మంచి పోస్టు సార్.

సైన్స్_మాస్టారు
లిస్టులో చూశాను, "వాటర్‌ప్రూఫ్ నోట్‌బుక్" అని ఉంది. వద్దమ్మా. గట్టి అట్ట ఉన్న చిన్న నోట్‌బుక్, మూడు పెన్సిళ్లు. పెన్ను మాత్రం వద్దు. తడిస్తే జెల్ పెన్ను రాత మొత్తం పాకిపోతుంది, పెన్సిల్ రాత నీళ్లలో పడినా నిలుస్తుంది. నమూనా సీసాల్లో వేసే చీటీ కూడా పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయాలి. ఆల్కహాల్‌లో ఇంకు కరిగిపోతుంది. నా మొదటి ఫీల్డ్ ట్రిప్‌లో 40 సీసాల మీద మార్కర్‌తో రాశాను. ఇంటికి వచ్చేసరికి ఏ పురుగు ఏ చెట్టు కిందిదో తెలియలేదు. పది రోజుల పని పోయింది, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

చెట్ల చుట్టుకొలతకి ప్రత్యేకం టేపు కొనొద్దు. టైలర్ టేపు తెచ్చుకో, 150 సెంటీమీటర్లు ఉంటుంది. మన దేశంలో నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో చెట్టు చుట్టుకొలత కొలుస్తారు. వెళ్లే ముందే గోడ దగ్గర నిలబడి ఆ ఎత్తు నీ ఒంటి మీద ఎక్కడికి వస్తుందో గుర్తు పెట్టుకో, ప్రతి చెట్టు దగ్గరా కొలవక్కర్లేదు. గుడ్డ టేపు కొన్నాళ్లకి సాగుతుంది, స్కేలు పక్కన పెట్టి ఒకసారి సరిచూసుకో. క్వాడ్రాట్‌కి, అంటే చెట్లు లెక్కపెట్టడానికి నేల మీద గుర్తు పెట్టే చదరానికి, పది మీటర్ల చొప్పున నాలుగు వైపులకీ నైలాన్ తాడు, ప్రతి మీటరుకి ఒక ముడి, నాలుగు మేకులు. ఇంట్లోనే తయారవుతుంది.

కలెక్షన్_పిచ్చి
మొక్కలు నొక్కే ప్రెస్ కూడా రాయండి మాస్టారూ. రెండు ప్లైవుడ్ ముక్కలు, పాత పేపర్లు, రెండు బెల్టులు. నేను ఎక్కడికెళ్లినా బ్యాగులో ఉంటుంది.

నల్లమల_నడక
@కలెక్షన్_పిచ్చి ఇక్కడ కాదు. నల్లమలలో వెళ్లేది పులుల అభయారణ్యం, కృష్ణా మడ అడవులు కూడా అభయారణ్యమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. రాసిచ్చిన అనుమతి లేకుండా ఆకు కూడా తేకూడదు. వల, కత్తెర, సీసాలు ఇంట్లోనే పెట్టుకుంటే మేలు, కాలేజీకి అనుమతి ఉంటే వాళ్లే తెస్తారు. ఆధార్ జిరాక్సు, అనుమతి కాగితం కాపీ ఒకటి బ్యాగులో పెట్టుకో. చెక్‌పోస్టు దగ్గర ప్లాస్టిక్ కవర్లు, చిన్న నీళ్ల సీసాలు కూడా ఒప్పుకోరు. స్టీలు సీసా, గుడ్డ సంచి.

ఆటోనగర్_రాజు
డ్రై బ్యాగ్ రెండు వేలు అని చూసి ఆగలేక రాస్తున్నా. మా షెడ్డులో లారీ పట్టాలు కుట్టే ఆయన ఉన్నాడు. మిగిలిన టార్పాలిన్ ముక్కతో సంచి కుట్టించుకుంటే నూటయాభై కూడా కాదు. నోరు మూడు మడతలు మడిచి బకిల్ పెడితే చుక్క నీరు పోదు. లేదంటే యూరియా బస్తా లోపలి దళసరి కవరు, కడిగి ఆరబెట్టి...

వుయ్యూరు_అక్క
@ఆటోనగర్_రాజు యూరియా కవరు వద్దు తమ్ముడూ, బట్టలు, తినేవి పెట్టుకునే చోట. టార్పాలిన్ సంచి ఆలోచన మాత్రం చాలా బాగుంది.

పొన్నూరు పిల్లా, నువ్వు అడగలేదు గానీ, ఆ 31 వస్తువుల్లో ఆడపిల్లల కోసం ఒక్కటైనా ఉందా? ఉండదు. మా రోజుల్లోనూ లేదు.

ప్యాడ్లు ఆరు రోజులకూ సరిపడా పెట్టుకో, నీ తేదీ కాకపోయినా సరే. నీకు కాకపోతే పక్కమ్మాయికి కావాలి. వాడినవి చుట్టడానికి పాత పేపరు, వెనక్కి తేవడానికి మూత గట్టిగా పట్టే డబ్బా ఒకటి. అడవిలో పారేయకూడదు, జంతువులు తవ్వుతాయి. ముదురు రంగు చున్నీ లేదా లుంగీ ఒకటి ఉంచుకో. చాటు కట్టుకోవడానికి, తడి బట్టలు మార్చుకోవడానికి, తలకి చుట్టుకోవడానికి అన్నిటికీ అదే. జీన్స్ వద్దే వద్దు, తడిస్తే బరువు, రెండు రోజులైనా ఆరదు. పల్చటి ట్రాక్ ప్యాంట్లు, పొడుగు చేతుల కాటన్ కుర్తీలు.

ఇంకొకటి, ఇది బతిమాలి చెప్తున్నా. బాత్రూంకి ఇబ్బందవుతుందని చాలామంది అమ్మాయిలు నీళ్లు తాగడం మానేస్తారు. నేనూ మానేశాను. పడవలో ఐదు గంటలు, పైన ఎండ, కింద ఉప్పు నీళ్లు. ఇంటికొచ్చాక యూరిన్ ఇన్ఫెక్షన్‌తో వారం రోజులు జ్వరం. పడవ ఎక్కే ముందే మేడంతో చెప్పి ఎక్కడెక్కడ ఆపుతారో అడగండి. నలుగురు అమ్మాయిలు కలిసి అడిగితే సిగ్గేమీ ఉండదు.

దివిసీమ_పడవ
@వుయ్యూరు_అక్క మీరు చెప్పింది మా వాళ్లకీ చెప్తాను అమ్మా. నిజంగా మాకు తట్టలేదు. మధ్యలో గట్టి నేల ఉన్న దిబ్బలు ఉంటాయి, ముందు చెప్తే అక్కడ ఆపుతాం.

తాగే నీళ్లు మనిషికి మూడు లీటర్లు తెచ్చుకోండి, కాలవల్లో అంతా ఉప్పే. ఇంకో సంగతి, అక్కడ తిల్ల చెట్టు ఉంటుంది. కొమ్మ విరిగితే తెల్లటి పాలు కారతాయి. అది కంట్లో పడితే చూపు పోయేంత మంట, ఒంటి మీద పడితే బొబ్బలు. పొడుగు చేతుల చొక్కా, మామూలు కళ్లద్దాలు ఉన్నా చాలు. పడితే వెంటనే మంచినీళ్లతో చాలాసేపు కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఎప్పుడు దిగాలి అనేది పోటు (నీళ్లు ఎక్కడం), పాటు (నీళ్లు తీయడం) చూసి చెప్తాం. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు, రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీళ్లు ఎక్కువ ఎక్కుతాయి. మీ తేదీలకి తిథి చూసుకోండి. డిసెంబర్ కాబట్టి వాయుగుండం హెచ్చరిక ఉంటే ఎంత బతిమాలినా మేం పడవ తీయం. 1977 నవంబర్ 19 ఉప్పెన మా ఇళ్లలో ఇంకా నిన్నటి మాటే.

డాక్టరమ్మ_ఎన్జీవో_కాలనీ
మందుల పెట్టె చిన్నదే చాలు. ఓఆర్ఎస్ పది ప్యాకెట్లు, పారాసెటమాల్, దురదకి సెట్రిజిన్, గాజుగుడ్డ, అయోడిన్ మందు, నువ్వు రోజూ వాడే మందులు ఏవైనా ఉంటే అవి.

పాము కరిస్తే తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు. కరిచిన చోటు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి. సిగ్నల్ ఉండదు కాబట్టి దగ్గరి ఆసుపత్రి ఏదో బయల్దేరే ముందే కాగితం మీద రాసుకోండి.

ఇంటికి వచ్చాక కూడా ఒక విషయం. గడ్డిలో ఉండే కంటికి కనిపించనంత చిన్న పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది. వారం, పది రోజుల తర్వాత జ్వరం, తలనొప్పి. కొందరికి కుట్టిన చోట నల్లటి పక్కు కడుతుంది. అది చంకల్లోనో నడుము దగ్గరో ఉండి మనకి తెలియదు. జ్వరం వస్తే అడవికి వెళ్లొచ్చానని డాక్టరుకి మొదటి మాటే చెప్పాలి. త్వరగా గుర్తిస్తే మామూలు యాంటీబయాటిక్‌తోనే తగ్గిపోతుంది.

బెజవాడ_కుర్రాడు
హెడ్‌ల్యాంప్‌కి చిట్కా: మామూలుది కొని, గిఫ్టులకి చుట్టే ఎర్ర జిలాటిన్ కాగితం రెండు పొరలు రబ్బర్ బ్యాండ్‌తో బిగించు. ఎర్ర వెలుతురులో మన కళ్లు చీకటికి అలవాటు తప్పవు, జంతువులు కూడా అంతగా బెదరవు. ఇంకా, దొంగ నోట్లు చూసే నీలం లైటు ఉంటుంది కదా, షాపుల్లో. రాత్రి గెస్ట్‌హౌస్ గోడ పక్కన రాళ్ల మీద వేసి చూడు. తేళ్లు ఆకుపచ్చగా మెరుస్తాయి! మొదటిసారి చూసినప్పుడు నేను అరిచేశాను, అంత అందంగా ఉంది.

ట్రెక్_తేజ
పొద్దున్నే బూట్లు దులిపి వేసుకోమని కూడా చెప్పు మరి.

పొన్నూరు_పిల్ల
మూడు రోజులుగా ఇవన్నీ మళ్లీ మళ్లీ చదువుతున్నాను. లెక్క చెప్తాను. హంటర్ బూట్లు, హెడ్‌ల్యాంప్, స్టీలు సీసాలు రెండు, మందులు, సాక్సులు, రాజు అన్న కుట్టించి పంపిన టార్పాలిన్ సంచి (డబ్బులు తీసుకోనన్నారు, అయినా పంపాను), టైలర్ టేపు, తాడు. అన్నీ కలిపి 2,640 రూపాయలు. బైనాక్యులర్స్ డిపార్ట్‌మెంట్‌లో నాలుగు ఉన్నాయి, నిజంగానే బీరువాలో. రక్‌సాక్ బదులు మామయ్య మిలిటరీ బ్యాగు. వుయ్యూరు అక్క పోస్టు ప్రింట్ తీసి మా మేడంకి ఇచ్చాను. ఆవిడ చదివి, లిస్టులో ఆ వస్తువులన్నీ చేర్పించారు.

వుయ్యూరు_అక్క
తల్లీ, చాలా సంతోషం. వెళ్లొచ్చి రాయి.

పొన్నూరు_పిల్ల
వచ్చాను. పోస్టు పెట్టడం ఆలస్యమైంది, రిపోర్టు రాస్తున్నాం.

నల్లమలలో మూడో రోజు నా బ్యాచ్‌మేట్ కొత్త బూట్లకి రెండు మడమలూ పుండ్లు పడి గదిలోనే ఉండిపోయింది. నా హంటర్ బూట్లకి ఏమీ కాలేదు, మంగళగిరి మెట్లు ఐదుసార్లు ఎక్కాను మరి. మాస్టారూ, 1.37 మీటర్లు నాకు సరిగ్గా గడ్డం కిందికి వచ్చింది, 112 చెట్లు కొలిచాం. పిడుదులు నాకు రెండు, మా సార్‌కి తొమ్మిది. తేళ్లు చూశాం, గోడ మొత్తం నక్షత్రాల్లా.

నాగాయలంకలో ఆరుగురు గమ్‌బూట్లతో వచ్చారు, గంటలో అందరూ విప్పేశారు. వాళ్లకి పాత సాక్సులు రెండేసి జతలు తొడిగి గుడ్డ పీలికలతో కట్టాం. మడమ ముందు లేపడం అందరికీ నేనే నేర్పాను.

రెండో రోజు పొద్దున్న పాటు మీద ఒక కాలవ పక్కన ఆగాం. తడి బురదలో పంజా ముద్ర, మధ్యలో మెత్త, పైన నాలుగు వేళ్లు, వేళ్ల చివర సన్నగా గోళ్ల గీతలు. కుక్కదే అన్నాను. పడవ నడిపే ఆయన కాదమ్మా, బావురుపిల్లి (చేపలు పట్టే అడవి పిల్లి) అన్నారు. దాని గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవని, అందుకే గీత పడుతుందని సార్ చెప్పారు. పక్కనే సగం తిన్న చేప తల ఉంది. టైలర్ టేపు పెట్టి కొలిచాను, పెన్సిల్‌తో రాసుకున్నాను. అరగంటలో పోటు వచ్చి ముద్ర చెరిగిపోయింది.

@దివిసీమ_పడవ, ఆయన మీ తమ్ముడేనా? భుజం దాకా చెయ్యి పెట్టి బూటు తీసిన కథ మాకూ చెప్పారు.

దివిసీమ_పడవ
వాడే!

తెనాలి_జూనియర్
అక్కా, మాకు ఫిబ్రవరిలో కొల్లేరు, ఆటపాక వైపు. హంటర్ బూట్లు మీవి ఏ సైజు? నావి 6.

పొన్నూరు_పిల్ల
నావి 6 నే. కడిగి ఆరబెట్టాను. టేపు, ఎర్ర కాగితం, టార్పాలిన్ సంచి కూడా ఉన్నాయి. గుంటూరు వస్తే ఫోన్ చెయ్యి.